రోవెన్‌బర్గ్ ఎయిర్‌పోర్టులో మెట్టెల లైను

రోవెన్‌బర్గ్ ఎయిర్‌పోర్టులో దిగబోయే తెలుగు ఆడవాళ్లకు ముందుగా ఒక మాట. మీ కాలి మెట్టెలు తియ్యమంటారు. తియ్యకండి. మొదట నవ్వుతూ అడుగుతారు, తర్వాత బతిమాలతారు, ఆనక గొంతు పెంచుతారు. ఎన్ని రకాలుగా అడిగినా "నో" అనండి, చాలు. అంతకు మించి భాష రానక్కర్లేదు.

విమానంలో మీ చేతికిచ్చే రంగుల పుస్తకంలో ఈ మాట ఉండదు. ఆ పుస్తకం తెలుగులో రాసింది నేనే. నా పేరు నీలవేణి, మాది అనకాపల్లి. ఆ ఎయిర్‌పోర్టులో మనవాళ్లకు దారి చూపించే ఉద్యోగం చేశాను. సామాను ఏ పట్టా మీద వస్తుంది, ఊళ్లోకి రైలు ఏ అంతస్తులో దొరుకుతుంది, ఆవకాయ సీసా పగిలి బట్టలన్నీ ఎర్రబడితే ఎవరిని పట్టుకుని పోట్లాడాలి, ఇవన్నీ అందులో బాగానే రాశాను. ఇప్పుడు చెప్పేది వాళ్లు అచ్చు వెయ్యనివ్వని భాగం.

ముందు ఆ చోటు సంగతి తెలియాలి. అరచెయ్యి లాంటి పెద్ద హాలు, దాని చుట్టూ వేళ్లు చాపినట్టు పొడుగాటి వసారాలు. చిటికెనవేలి కొసన దిగినవాడు బొటనవేలి కొసన ఇంకో విమానం ఎక్కాలంటే ఊరవతలికి నడిచినంత దూరం. బోర్డులు చదవలేని పెద్దవాళ్లు ఒక్కచోటే తిరిగి తిరిగి, విమానం తప్పిపోయి, నేల మీద కూలబడి ఏడ్చేవారు. వాళ్ల కోసమనే మా ఆయన చేత దారిజోడు అనే బూటు చేయించారు.

మా ఆయన పేరు సన్యాసిరావు. ఆ పేరు పెట్టుకుని పెళ్లికెలా ఒప్పుకున్నారని పెళ్లిచూపుల్లోనే అడిగాను. ఆయన చదివింది నరాల చదువు. చచ్చుబడిన కాళ్లను మళ్లీ నడిపించాలని పని మొదలుపెట్టాడు. ఆస్పత్రులేవీ పట్టించుకోలేదు, ఎయిర్‌పోర్టు వాళ్లు పిలిచి ల్యాబు కట్టించి ఇచ్చారు.

దారిజోడు చూడ్డానికి మామూలు గుడ్డ బూటు. లోపల రెండో వేలి దగ్గర మొదలై మడమ దాకా సన్నటి కరెంటు పారుతుంది. ఆ కరెంటు చెప్పినట్టు కాలి నరాలు వింటాయి. మీ విమానం ఏ గేటులో ఉందో జోడుకు తెలుసు. మీరు ఫోను చూసుకోవచ్చు, కునుకు కూడా తియ్యవచ్చు. కాళ్లు వాటి పాటికవి నడుస్తాయి, మెట్లెక్కుతాయి, ఎదురొచ్చినవాణ్ణి తప్పుకుంటాయి. మీరు తూలి పడితే అవే లేచి నిలబడతాయి.

ల్యాబులో మొదట తనే తొడుక్కున్నాడు. కళ్లు మూసుకుని గదంతా చుట్టి తిరిగొచ్చాడు. ఎంత చదివినా సంతోషం వస్తే మా ఆయనకు ఇంటి మాటే వస్తుంది.

"ఓలమ్మో! నడుస్తన్నానే నీలా! నానేటీ సెయ్యట్లేదే!"

తర్వాత నాకు తొడిగాడు. నేను నిలబడ్డాను. అలాగే నిలబడి ఉన్నాను. తీగలు చూశాడు, మీటలు తిప్పాడు, చివరికి బూట్లు విప్పి నా వేళ్ల వంక చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మెట్టెలే! ఎండి చుట్టు దొరికితే కరెంటు అందులోనే తిరిగేస్తాది, నరం దాకా రాదు. తీసియ్యే."

"మీరు బతికే ఉన్నారు కదా, ఎలా తీస్తాను?"

"సైన్సు కోసమే."

"సైన్సు కాదు కదా నా కాలు సన్నికల్లు మీద పెట్టి తొడిగింది, మీరు. ఈ రాయంత గట్టిగా ఉండమని పంతులుగారి చేత చెప్పించారు. ఉంటున్నాను, ఇప్పుడు మెత్తబడమంటే కుదర్దు."

పడీ పడీ నవ్వాడు. నా మెట్టెల జోలికి మళ్లీ రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక కుర్ర పరిశోధకుడు జోడుతో మెట్లు దిగుతూ జారి ముంగాలి ఎముక విరగ్గొట్టుకున్నాడు. విరిగిన క్షణంలో జోడు చచ్చిపోయింది. ఒకటి ఆగితే దాని జతా ఆగింది. ఆ కుర్రాడు కేకలు పెడుతుంటే మా ఆయన పక్కన కూర్చుని వాడి చెయ్యి పట్టుకుని ఊరట పలుకుతూనే, నాతో మెల్లగా అన్నాడు: "చూశావా, ఇరిగిన కాలిని నడిపించదు. ఆ జాలి నేనే పెట్టాను దానికి."

జోడు వచ్చిన కొత్తలో లోకమంతా మెచ్చుకుంది. మనవాళ్లతోనే చిక్కొచ్చింది. ఉంగరం తీసినట్టు మెట్టె తీసేస్తారని ఎయిర్‌పోర్టు వాళ్లు అనుకున్నారు. తెలుగు ఆడవాళ్లు తియ్యం అన్నారు, తమిళం వాళ్లు తియ్యం అన్నారు, మరాఠీ ముసలావిడొకామె తియ్యమన్నవాడి చెయ్యి మీద ఒక్కటిచ్చింది. చేసేది లేక మాకో విడి లైను పెట్టారు. జనమంతా కళ్లు మూసుకుని మా పక్కనుంచి జారిపోతుంటే మేం వాచిన కాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ ఈడ్చుకుంటూ నడిచేవాళ్లం. దాన్ని నడిపించే ఉద్యోగం నాది. మెట్టెల లైను అని పేరు పెట్టింది కూడా నేనే.

ఎయిర్‌పోర్టు భద్రతకు పెద్ద ఫాల్క్ అని ఒకడుండేవాడు. పళ్లు కనిపించకుండా నవ్వేవాడు. వాడొక రోజు ల్యాబుకొచ్చి, ప్రయాణికుడు ఎక్కడికి వెళ్లాలో ప్రయాణికుణ్ణే ఎందుకడగాలి, మేం చెప్పిన గేటుకే నడిపించు అన్నాడు. మా ఆయన వద్దన్నాడు. ల్యాబు మూసేస్తామన్నారు. దాంతో మా ఆయన తలొగ్గి జోడుకు ఆ మార్పు చేశాడు.

దాని ఫలితం నా కళ్లతో చూశాను. దేశంలోకి రానివ్వం అని వెనక్కి పంపేస్తున్న ఒక కుర్రాడు, ఏ ఊరివాడో తెలియదు, మా లైను పక్కనుంచే నడిచి వచ్చాడు. కాళ్లు చక్కగా గేటు వైపు పోతున్నాయి. పైమనిషి మాత్రం వెనక్కి తిరిగి అరుస్తున్నాడు. దారిలో స్తంభం దొరికితే రెండు చేతులతో కావలించుకున్నాడు. కాళ్లు ఆగలేదు. పాలరాతి మీద గీరుకుంటూ నడుస్తూనే ఉన్నాయి. భుజం గూడు జారిన చప్పుడు మా అందరికీ వినిపించింది. అయినా వదల్లేదు. అప్పుడు కాపలావాళ్లు వచ్చి వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి విరిచారు. రెండు గోళ్లు స్తంభానికే ఉండిపోయాయి.

గేటు దగ్గర ఆ పిల్లాడు ఎలా వంగాడో వంగి, పళ్లతో తాడు లాగి ఒక జోడు ఊడదీసి అక్కడే నిలబడిన ఫాల్క్ మొహాన కొట్టాడు. నలుగురు కలిసి లాఠీలతో వాడి దవడ పగిలేదాకా బాదారు. నేను అడ్డం వెళ్తే నన్నొకడు గోడకేసి తోశాడు. నుదురు చిట్లింది. మర్నాటి నుంచి జోళ్లకు చీలమండ దగ్గర ఉక్కు కొక్కెం వచ్చింది. గేటు చేరేదాకా అది ఊడదు.

ఇంటికెళ్లి రక్తం కడుక్కోకుండా ఆయన ముందు నిలబడ్డాను.

"వాడి కాళ్లే వాడి చేతుల్ని విరిచేశాయండి. మీరు కనిపెట్టింది అదేనా?"

అన్నం పెడితే తినలేదు. కంచం పక్కకు జరిపి అన్నాడు: "ఒకటి సేస్తాను నీలా. ఎప్పుడైనా నిప్పంటుకుంటే ఈ ఫాల్కుగాడు ఎవర్నీ లోపల ఆపకుండా సేస్తాను. 'ఖాళీ' అని ఒక్క మీట ఉంటాది. అది నొక్కితే అందరూ దగ్గర్లో ఉన్న పెద్ద తలుపు దాకా నడిచి బైటికెల్తారు. మళ్లీ ఎవడూ ఆపలేడు. ఆడూ ఆపలేడు, నేనూ ఆపలేను."

చెప్పినట్టే చేశాడు. ఆ మీట పెట్టాకే కాస్త నిద్రపోయాడు. తన జోడు మీద తనకు నమ్మకం ఉందని చూపించడానికి అప్పటినుంచి ఎయిర్‌పోర్టులో ఎక్కడికి వెళ్లినా అదే తొడుక్కునేవాడు. నేనెంత మొత్తుకున్నా వినలేదు.

ఇక ఆ రోజు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని కలిసి తినడానికి మా ఆయన ల్యాబు నుంచి హాలుకు వస్తాడు. ఆయన కోసం చూస్తూ మా లైను వాళ్ల సామాను సర్దుతున్నాను. విజయనగరం దగ్గర్నుంచి పైడమ్మగారని ఒకావిడ దిగింది. కూతురి పురుడికి వచ్చింది. ఆవిడ పెట్టె ఇద్దరు మగాళ్లు పట్టినా కదల్లేదు. తెరిచి చూస్తే పాత చీరలో చుట్టి సన్నికల్లు, పొత్రం.

"ఇదేంటి పైడమ్మగారూ? విమానంలో రాళ్లా?" అన్నాను.

"ఏటి సేస్తానమ్మా? మిక్సీ పచ్చడి తినీసి నోరు సచ్చిపోనాదని నా కూతురు ఒకటే ఏడుపు. బాలింతకి కారం నూరి పెట్టాలా వద్దా?"

లైనంతా నవ్వింది. నవ్వుతుండగానే ఉత్తరం వైపు టపటపమని చప్పుడయింది. టపాకాయలనుకున్నాం.

ఉత్తరం తలుపుల దగ్గర ముసుగులేసుకున్న ఇద్దరు తుపాకులతో నిలబడి కనిపించినవాళ్లను కాలుస్తున్నారు. ఎందుకు కాల్చారో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు, పోలీసులు వాళ్లను ప్రాణాలతో పట్టుకోలేదు. ఆ క్షణంలో హాల్లో జనమంతా అటు నుంచి ఇటు పరుగెత్తబోయారు. నాలుగడుగులు వేశారో లేదో అందరూ ఒక్కసారిగా ఆగారు. ఆగి, వెనక్కి తిరిగారు. చప్పుడు వినగానే అదెక్కడో చూసుకోకుండా ఫాల్క్ ఆ 'ఖాళీ' మీట నొక్కేశాడు. హాలుకు దగ్గర్లో ఉన్న పెద్ద తలుపు ఉత్తరం తలుపే.

వందల మంది వరసలు కట్టి తుపాకుల వైపు నడవడం మొదలుపెట్టారు. నోళ్లు అరుస్తున్నాయి, చేతులు గాల్లో కొట్టుకుంటున్నాయి, కాళ్లు తీరిగ్గా నడుస్తున్నాయి. కొందరు కావాలని నేల మీద పడ్డారు. కాళ్లు వాళ్లను లేపి నిలబెట్టి మళ్లీ నడిపించాయి. ముందు వరస ఒరిగింది. తూటా తగిలి చచ్చినవాళ్ల కాళ్లు కూడా నేల మీద కాసేపు ఆడాయి. వాళ్లను తొక్కుకుంటూ రెండో వరస వెళ్లింది. దణ్ణం పెడుతూ నడిచినవాళ్లున్నారు, దణ్ణం పెట్టిన చేతుల మధ్యనుంచే కాల్చారు. గచ్చు మీద రక్తం మా లైను దాకా పాకింది.

మేం మాత్రం మా చోటే నిలబడి ఉన్నాం. మా కాళ్లు మావే.

ఆ వరసల్లో మా ఆయన కనిపించాడు. నా వైపు చెయ్యి చాపి, మెడ నిక్కించి చూస్తూ, మొహం తెల్లబడిపోయి తలుపు వైపు నడుస్తున్నాడు. పరుగెత్తి నడుం పట్టుకున్నాను. నన్ను కూడా ఈడ్చుకుంటూ నడిచాడు. కొక్కెం పీకాను, గోళ్లు విరిగాయి గానీ అది రాలేదు.

"ఆపండి! మీరు చేసిందే కదా, ఆపండి!"

"ఆగదే. నానే అలగ సేసినాను. నువ్వెల్లిపో. ఎల్లిపోవే నీలా!"

మా పక్క మనిషి గొంతు పేలిపోయింది. ఆ రక్తం నా కళ్లల్లో పడింది. తుడుచుకుంటుంటే ఆ కుర్ర పరిశోధకుడూ, వాడి కాలూ, జాలి పెట్టానన్న మాటా ఒక్కసారి గుర్తొచ్చాయి. మా లైను వైపు పరుగెత్తి పైడమ్మగారి పెట్టెలోంచి పొత్రం రెండు చేతులా ఎత్తుకొచ్చాను.

నా చేతిలో రాయి చూశాడు. అర్థమైపోయింది ఆయనకు. కళ్లు మూసుకున్నాడు.

"మోకాలి కింద కొట్టు," అన్నాడు.

కొట్టాను. ఎముక విరగలేదు. ఆయన గట్టిగా అరిచాడు. కాళ్లు ఇంకా నడుస్తున్నాయి, కుంటుతూ, ముందుకే.

"పోకు! నువ్వెక్కడికీ పోడానికి వీల్లేదు!" అని మా పెళ్లయ్యాక మొదటిసారి ఆయన్ని నువ్వు అన్నాను. మళ్లీ కొట్టాను. ఈసారి ఎండుకట్టె విరిగినట్టు విరిగింది. తెల్లటి ఎముక ప్యాంటు చించుకుని బయటికొచ్చింది. రెండు జోళ్లూ ఆగిపోయాయి. ఆయన నా మీద కూలబడ్డాడు. చంకల కింద పట్టుకుని సామాను పట్టా వెనక్కి లాగి పడేశాను.

లేచి చూస్తే మా లైను ఆడవాళ్లందరూ నా వంకే చూస్తున్నారు. ఎవరికీ ఏమీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. పైడమ్మగారు చీర కొంగు నడుంలో దోపి సన్నికల్లు ఎత్తింది. కొత్త పెళ్లికూతురైన ఒక తమిళమ్మాయి గోడకున్న నిప్పులార్పే ఎర్ర సిలిండరు పీకింది. లైన్లోనే ఉన్న ఇంకో మరాఠీ ముసలావిడ సామాను బండిని గట్టిగా వెనక్కి లాగి జనం ముంగాళ్లకేసి గుద్దింది.

ఆ తర్వాత చేసింది చెప్పడానికి నాకు సిగ్గులేదు. మేం కాళ్లు విరగ్గొట్టాం. ఎవరివి దొరికితే వాళ్లవి. మొదట మమ్మల్ని చూసి బెదిరి కేకలేసినవాళ్లు, కాలు విరిగినవాడు ఆగిపోయాడని చూడగానే మమ్మల్ని పిలవడం మొదలుపెట్టారు. ఏయే భాషల్లోనో "నాది, నాది" అని కాళ్లు చూపించారు. పసిబిడ్డను ఎత్తుకున్న తండ్రొకడు బిడ్డను నా చేతిలో పెట్టాడు. దాన్ని నేల మీద పడుకోబెట్టి వాడి కాలు విరిచాను. వాడు కింద పడి, ఏడుస్తూ నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. కొందరి దగ్గరికి మేం చేరేలోపే తూటా చేరింది. పైడమ్మగారి భుజంలోంచి ఒక తూటా దూసుకుపోయింది. "సచ్చినోడా!" అని తిట్టి రెండో చేత్తో కొట్టింది.

పోలీసులు వచ్చి ముసుగువాళ్లను కాల్చి పడేసేసరికి హాలు నిండా కాళ్లు పట్టుకుని మూలిగేవాళ్లు, వాళ్ల మధ్య రక్తంలో తడిసిన చీరలతో మేం. పోలీసులు ముందు మాకే సంకెళ్లు వేశారు.

మా మీద కేసు పెట్టించింది ఫాల్కే. ఆ రోజు చావులన్నీ ముసుగువాళ్ల ఖాతాలో, విరిగిన కాళ్లన్నీ మా ఖాతాలో వేశారు. కోర్టులో మాకు ఎదురు సాక్ష్యం చెప్పమని కాళ్లు విరిగినవాళ్లను పిలిపించారు. వాళ్లు కర్రల మీద వచ్చారు. వచ్చి, మా పక్కన నిలబడ్డారు. బిడ్డ తండ్రి కూడా వచ్చాడు. కేసు కొట్టేశారు.

మా ఆయన కాలు మాత్రం దక్కలేదు. కుళ్లు పట్టి మోకాలి దాకా తీసేశారు. ఆస్పత్రిలో కళ్లు తెరిచి, లేని కాలి వైపు చూసి, "మంచి దెబ్బే కొట్టినావే," అన్నాడు. నేను భోరున ఏడ్చాను. నా చేత్తో నేను చేసిన పని అది, ఇంకెవరి ముందూ ఏడవలేను.

ఫాల్క్ ఉద్యోగం పోయింది. వాడి కుర్చీలోకి ఇంకొకడు వచ్చాడు. మొన్న ఆ కొత్తవాడు పూలగుత్తి పట్టుకుని ఇంటికి వచ్చాడు. జోళ్లకు రంగు మార్చారట, పేరు మార్చారట, 'ఖాళీ' మీట తీసేశారట. కొక్కెం మాత్రం ఉంచారు. ఒక్కటే చిక్కు మిగిలిందన్నాడు. మెట్టెలున్న కాళ్లను కూడా నడిపించే మార్గం ఏదైనా ఉందా అని మా ఆయన్ని అడిగాడు.

ఆ మార్గం మా ఆయనకు తెలుసు. ఎప్పుడో ల్యాబులోనే కనిపెట్టి, నేను నవ్వుతూ ఇచ్చిన జవాబు గుర్తొచ్చి, చేసినదంతా తనే చెరిపేశాడు. నాతో తప్ప ఎవరితోనూ చెప్పలేదు.

"నాకు తెలీదు," అన్నాడు వాడితో. "అది ఆడోళ్ల యవ్వారం."

పూలగుత్తి వాడితోనే పంపించేశాను.

ఇక ఇక్కడ ఉండదలుచుకోలేదు. ఇల్లు ఖాళీ చేస్తున్నాం. కానీ ఊరికెళ్లాలంటే ఆ హాలు దాటే వెళ్లాలి. మెట్టెలు లేని మనిషైతే, ఒంటికాలివాడైనా సరే, ఉన్న కాలికి జోడు తొడగందే లోపలికి రానివ్వరు.

పోలీసులు పొత్రం, సన్నికల్లు పైడమ్మగారికి తిరిగిచ్చేశారు. ఆవిడ వాటిని మా గుమ్మంలో దింపించింది. "నీకాడే ఉంచమ్మా. ఇంక దీని మీద నానేటి నూరతాను?" అంది.

నిన్న సాయంత్రం మా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి సన్నికల్లు ఆయన ముందుకు జరిపాను. ఎంత కడిగినా దాని అంచున మరక పోలేదు.

"కాలు సాపండి," అన్నాను.

"ఏటే ఇది?"

"సాపండి."

మిగిలిన కాలు చాపాడు. దాన్ని ఎత్తి రాయి మీద పెట్టాను. నా కుడికాలికి రెండు మెట్టెలుంటాయి. సబ్బు రాసి ఒకటి లాగితే చర్మం ఊడొచ్చింది. దాని చుట్టు కొంచెం విప్పి ఆయన రెండో వేలికి తొడిగాను. వెండి వేలిని గట్టిగా పట్టేసింది.

"నొప్పెడతందా?"

"పెట్టనీ," అన్నాడు. నా తల మీద చెయ్యి వేసి, అప్పుడు ఏడ్చాడు.

కాబట్టి ప్రయాణికులారా, రోవెన్‌బర్గ్‌లో విమానం దిగి సామాను తీసుకున్నాక ఎడమ చేతి వైపు రండి. బోర్డు లేదు, పీకేశారు. కాళ్లీడ్చుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్న ఆడవాళ్లు కనిపిస్తే అదే మెట్టెల లైను. వాళ్ల వెనక నిలబడండి. మగవాళ్లు కూడా రావచ్చు.